పెట్టె మీద లేని జబ్బుకు మందు రాసినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు పెద్దాసుపత్రి పరిసరాల్లోని మందుల షాపుల్లో ఫార్మసిస్టుగా పాతికేళ్ళకు పైగా పనిచేసిన అనుభవంతో ఈ ప్రశ్నలను, జవాబులను రాస్తున్నాను. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల, గుత్తి వైపు నుంచి తెల్లవారుజాము బస్సుకు బయలుదేరి వచ్చి, డాక్టరు గారికి చూపించుకొని, సాయంత్రం బస్సు అందదేమోనన్న తొందరలో మందులు కట్టించుకొని వెళ్ళేవారు, ఇంటికి చేరాక ఆ మందు పేరును ఫోనులో వెతుకుతారు. అక్కడ తమకు లేని జబ్బు పేరు కనబడుతుంది. ఆ భయంతో మంచి మందును మధ్యలో మానేసినవారిని చాలామందిని చూశాను. ఏ ఆధారమూ లేని ఉపయోగానికి, ఎవరో చేసిన ప్రచారం వల్ల, ఖరీదైన మందును నెలల తరబడి కొన్న కుటుంబాలనూ చూశాను. చీటీ మీద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని, వీటి మధ్య తేడా చాలా పెద్దది. దయచేసి ఇది చదివి ఎవరూ తమంతట తాము మందు మొదలుపెట్టవద్దు, మానవద్దు.

అనుమతి లేని ఉపయోగం అంటే మందుకే అనుమతి లేదని అర్థమా?

కాదు. ఒక కంపెనీ కొత్త మందును అమ్మాలంటే, అది ఫలానా జబ్బుకు, ఫలానా వయసువారికి, ఫలానా మోతాదులో పనిచేస్తుందని పరీక్షల ఫలితాలతో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు చూపించాలి. ఆ సంస్థకు అధిపతి అయిన డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఇచ్చే అనుమతి ఆ చూపించిన మేరకే ఉంటుంది, పెట్టెలోని మడతకాగితం మీద అచ్చయ్యేదీ అదే. ఆ హద్దు దాటి మరో జబ్బుకు గాని, మరో వయసుకు గాని, మరో మోతాదులో గాని, మరో మార్గంలో గాని వాడితే దానిని ఆఫ్-లేబుల్ వాడకం అంటారు. మందు అసలుదే, అమ్మకానికి అనుమతి ఉన్నదే. వాడిన పని మాత్రం కాగితం మీద లేనిది. నకిలీ మందు, నిషేధిత మందు అనేవి పూర్తిగా వేరే సంగతులు.

డాక్టరు అలా రాయడం చట్టవిరుద్ధమా?

1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మందుల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నియంత్రిస్తుంది. గదిలో కూర్చున్న డాక్టరు ఏ రోగికి ఏ మందు రాయాలో అది చెప్పదు. ఆఫ్-లేబుల్ వాడకాన్ని నేరుగా అనుమతించే నిబంధన గాని, నేరుగా నిషేధించే నిబంధన గాని మన దగ్గర లేవు. అందువల్ల బాధ్యత అంతా డాక్టరు వృత్తి ధర్మం మీద, ఆయన చూపగలిగిన శాస్త్రీయ ఆధారం మీద, రోగికి చెప్పి తీసుకున్న సమ్మతి మీద నిలబడి ఉంటుంది. ఒక ప్రత్యేక ఉపయోగాన్ని ప్రభుత్వమే ప్రకటన ద్వారా నిషేధించినప్పుడు మాత్రం పరిస్థితి మారుతుంది. ఉదాహరణకు, 12 ఏళ్ళలోపు పిల్లలకు నిమెసులైడ్ వాడకాన్ని 2011లో నిషేధించారు; ఆ తరువాత దానిని చిన్నపిల్లల జ్వరానికి రాయడం డాక్టరు విచక్షణ కిందికి రాదు.

ఆధారం ఉంటే కంపెనీయే అనుమతి తీసుకోవచ్చు గదా, ఎందుకు తీసుకోదు?

ఇది నన్ను చదువుకున్న యువకులు ఎక్కువగా అడిగే ప్రశ్న, సరైన ప్రశ్న కూడా. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం, అనుమతి ఉన్న మందును కొత్త జబ్బుకు అమ్మదలచినా, కొత్త మోతాదులో అమ్మదలచినా, అది మళ్ళీ కొత్త మందు కిందనే లెక్క. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఆధారాలు, మళ్ళీ ఖర్చు. పేటెంటు గడువు తీరి, మాత్ర రెండు మూడు రూపాయలకు ఇరవై కంపెనీల పేర్లతో దొరికే పాత మందు మీద ఆ ఖర్చు పెట్టడానికి ఏ ఒక్క కంపెనీకీ లాభం కనబడదు. వైద్య విజ్ఞానం ముందుకు నడుస్తుంది, మడతకాగితం మాత్రం మొదట అచ్చయిన చోటే ఆగిపోతుంది. గర్భిణులను, పసిపిల్లలను, అరుదైన జబ్బులవారిని పరీక్షల్లో చేర్చుకోవడం కష్టం కాబట్టి వారి విషయంలో ఈ ఎడం మరీ ఎక్కువ. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన గర్భిణికి ప్రసవాన్ని కొద్దిరోజులు వాయిదా వేయడానికి, బీపీకి వాడే నిఫెడిపిన్ ఇవ్వడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతే.

అలాగని ప్రతి ఆఫ్-లేబుల్ చీటీ వెనుక ఆధారం ఉందనుకోకూడదు. అమెరికాలో 2001 నాటి చీటీలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువగా వాడే మందుల వాడకంలో సుమారు 21 శాతం లేబుల్‌కు వెలుపల ఉందని, ఆ భాగంలో 73 శాతానికి శాస్త్రీయ ఆధారం కొద్దిగా ఉండడమో, అసలు లేకపోవడమో జరిగిందని తేలింది. అంటే అలాంటి వాడకాల్లో నాలుగింట మూడు వంతులు దాదాపు నమ్మకం మీద నడిచాయి. ఈ అంకె తెలిసినప్పటి నుంచి నేను ఆఫ్-లేబుల్ అనే మాటను సమర్థించే ముందు ఒకసారి ఆగుతున్నాను.

పిల్లలు కలగడానికి చూపించుకుంటే నాకు క్యాన్సరు మందు రాశారు. ఇది పొరపాటా?

ఈ ప్రశ్న నాకు కాగితం మీద రాలేదు. కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, పెళ్ళయి నాలుగేళ్ళయింది, మాత్రలు కొనుక్కొని వెళ్ళిన మరునాడే తిరిగి వచ్చి, కౌంటరు ముందు నిలబడి, "ఏందన్నా ఇది, నాకు క్యాన్సరు ఉండాదా, డాక్టరమ్మ నాతో దాచిపెట్టిందా?" అని ఏడ్చింది. ఆమె చేతిలో ఉన్నది లెట్రోజోల్. ఫోనులో వెతికితే రొమ్ము క్యాన్సరు మందు అని వచ్చింది. అత్తగారింట్లో ఆ మాట అప్పటికే నలుగురికి తెలిసిపోయింది.

లెట్రోజోల్ మొదట అనుమతి పొందింది నెలసరి ఆగిపోయిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరుకే. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని అది తగ్గిస్తుంది. క్యాన్సరులో 2.5 మిల్లీగ్రాముల మాత్రను ప్రతిరోజూ, సంవత్సరాల తరబడి వాడతారు. ఈస్ట్రోజెన్ కొద్దిరోజులు తగ్గితే మెదడు దానిని గమనించి అండాశయాన్ని ప్రేరేపించే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది కాబట్టి, నెలసరి మొదట్లో అయిదు రోజులు మాత్రమే ఇస్తే అండం విడుదల కావడానికి అదే మందు ఉపకరిస్తుంది. మన దేశంలో ఈ మందు కథ చాలా మలుపులు తిరిగింది. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో, అనుమతి లేకుండానే సంతానలేమికి దీనిని డాక్టర్ల దగ్గర ప్రచారం చేశారన్న వివాదం వచ్చింది. 2011 అక్టోబరులో కేంద్రం సంతానలేమికి దీని వాడకాన్ని నిషేధించింది. 2014లో, అండాశయాల్లో నీటితిత్తుల సమస్య ఉన్న 750 మంది స్త్రీలపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి: లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, అప్పటివరకు వాడుకలో ఉన్న క్లోమిఫిన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. 2017లో మన దేశంలో నిషేధం తొలగింది. ఇప్పుడు ఆ సమస్యకు అంతర్జాతీయ మార్గదర్శకాలు మొదట చెప్పే మందు ఇదే.

ఆధారం రాకముందు మందును అమ్ముకోవడానికి చేసిన ప్రచారం తప్పే. తరువాత ఆధారం దొరికినంత మాత్రాన ఆ ప్రచారం ఒప్పు కాజాలదు, ఎందుకంటే ఆనాడు ఆ మాత్ర మింగిన స్త్రీకి ఆ ఫలితం ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పగలిగి ఉండలేదు. ఆ కోడుమూరు అమ్మాయి విషయంలో డాక్టరమ్మ రాసిన మందు సరైనదే. "దీనికి క్యాన్సరు మందు అని పేరు ఉంటుంది, భయపడొద్దు, నీకు రాసిన కారణం వేరు" అన్న ఒక్క వాక్యం చెప్పలేదు. ముందురోజు ఆ పొట్లం కట్టి ఇచ్చిన నేనూ చెప్పలేదు. అప్పటి నుంచి లెట్రోజోల్ చీటీ వచ్చిన ప్రతిసారీ చెబుతున్నాను.

షుగరు వల్ల అరికాళ్ళు మండుతున్నాయంటే మా నాన్నకు దిగులు జబ్బు మాత్రలు ఇచ్చారు. మా నాన్నకు మతి సరిగా లేదని డాక్టరు అనుకున్నారా?

అలా అనుకోలేదు. అమిట్రిప్టిలిన్ దిగులు వ్యాధి మందుగా పేరు పడినా, నరాల వెంట నొప్పి సంకేతం మెదడుకు చేరే దారిని అది శాంతపరుస్తుంది. దిగులుకు రోజుకు 75 మిల్లీగ్రాములు, అంతకు పైన వాడతారు. నరాల మంటకు రాత్రిపూట 10 మిల్లీగ్రాములతోనో, 25తోనో మొదలుపెడతారు. అమెరికాలో దీని లేబుల్ మీద నేటికీ దిగులు వ్యాధి ఒక్కటే ఉంది, ఐరోపాలో నరాల నొప్పిని కూడా చేర్చారు. ఒకే మాత్ర, సముద్రం దాటితే ఆఫ్-లేబుల్ కాస్తా అనుమతి ఉన్న ఉపయోగం అవుతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మత్తు, పెద్దవారిలో మూత్రం బిగబట్టడం దీని ఇబ్బందులు; గుండె జబ్బు గాని, ప్రోస్టేట్ సమస్య గాని ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. బాగున్నదని ఒక్కసారిగా మానేయవద్దు, మెల్లగా తగ్గించాలి.

కంట్లో వేసే ఇంజెక్షన్ పెద్దపేగు క్యాన్సరుది అంటున్నారు. వేయించుకోవచ్చా?

బెవాసిజుమాబ్ గురించి అడుగుతున్నారు. షుగరు వల్ల గాని, వయసు వల్ల గాని కంటి వెనుక పొరలో చెడ్డ రక్తనాళాలు పెరిగినప్పుడు వాటిని అణచడానికి దీనిని కంట్లో వేస్తారు. కంటికే అనుమతి పొందిన రానిబిజుమాబ్ ధర దీనికన్నా చాలా ఎక్కువ. 2011లో వెలువడిన, అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన పరీక్షలో, వయసు వల్ల వచ్చే జబ్బుకు చూపు కాపాడడంలో రెండూ సమానమని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దీనిని కంటి మందుగా అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. దేశమంతటా ఎందరో పేదల చూపును ఈ ఆఫ్-లేబుల్ సూది నిలబెట్టింది.

ప్రమాదం మందులో కన్నా దానిని పంచే పద్ధతిలో ఉంది. క్యాన్సరుకు తయారైన 100 మిల్లీగ్రాముల సీసా నుంచి ఒక్కో కంటికి 1.25 మిల్లీగ్రాములు మాత్రమే తీస్తారు కాబట్టి, ఒక్క సీసాను చాలామందికి పంచుతారు. ఆ పంపకం శుభ్రమైన గదిలో, సూక్ష్మజీవులు చేరని పద్ధతిలో జరగకపోతే ఒకేరోజు అనేకుల కళ్ళు పోతాయి. గుజరాత్‌లో అలాంటి ఘటన తరువాత 2016 జనవరిలో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఈ వాడకంపై హెచ్చరిక జారీ చేసి, కంటి వైద్యుల విన్నపాల తరువాత మార్చిలో ఉపసంహరించారు. కాబట్టి మీరు అడగవలసినది "ఇది క్యాన్సరు మందా?" అని కాదు, "సీసాను ఎక్కడ, ఎవరు, ఎలా పంచుతున్నారు?" అని. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో గాని, మరెక్కడైనా గాని, ఈ ప్రశ్న అడిగినందుకు ఏ మంచి వైద్యుడూ కోపగించుకోడు. సూది వేసిన మరునాడో, మూడో నాడో కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, చూపు మసకబారినా ఆ రోజే తిరిగి వెళ్ళాలి.

పెట్టె మీద "గర్భిణులు వాడరాదు" అని ఉన్న మాత్రను కాన్పు ఆసుపత్రిలో ఇచ్చారు. ఇదెలా?

అది మిసోప్రొస్టాల్ అయి ఉంటుంది. నొప్పి మాత్రల వల్ల వచ్చే కడుపు పుండుకు తయారైన ఈ మందు గర్భసంచిని ముడుచుకొనేలా చేస్తుంది. కడుపు పుండుకు వాడే స్త్రీ గర్భిణి అయితే అది ప్రమాదం. కాన్పు తరువాత రక్తం ఆగని తల్లికి అదే ప్రాణరక్షణ. అయితే నొప్పులు రప్పించడానికి ఇచ్చే మోతాదు 25 మైక్రోగ్రాములు, బజారులో దొరికే మాత్ర తరచుగా 200 మైక్రోగ్రాములు. మోతాదు మించితే గర్భసంచి చిట్లవచ్చు. అందువల్ల దీనిని ఆసుపత్రిలో, నాడి చూసే మనిషి పక్కన ఉండగా తప్ప వాడకూడదు. షాపుకు వచ్చి చీటీ లేకుండా ఈ మాత్ర అడిగేవారికి నేను ఇవ్వలేదు, ఇవ్వను.

పసిబిడ్డకు పెద్దల మాత్రను పొడి చేసి ఇమ్మన్నారు. సరేనా?

పిల్లల డాక్టరు బిడ్డ బరువు చూసి లెక్కగట్టి, చీటీ మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటే సరే. "పావు మాత్ర" అని నోటిమాటగా చెబితే సరిపోదు, రాయించుకోండి. పావుగా విరిచిన నాలుగు ముక్కలు ఎప్పుడూ సమానంగా ఉండవు, పైపూత ఉన్న కొన్ని మాత్రలను అసలు విరవకూడదు. జలుబు మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం: క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరపును 4 ఏళ్ళలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద ముద్రించాలని 2023 డిసెంబరులో ఆదేశించారు. అంతకుముందు కొన్న సీసా ఇంట్లో ఉంటే దాని మీద ఆ హెచ్చరిక ఉండదు.

అనుమతి లేని ఉపయోగానికి కంపెనీ తన మందును ప్రచారం చేసుకోవచ్చా?

చేసుకోకూడదు. డాక్టరు తన రోగిని చూసి, చదివి, ఆలోచించి రాయడం వేరు. ఆ మందు ఎక్కువగా అమ్ముడుపోతే జీతం పెరిగే మనిషి వచ్చి "సార్, దీనికి కూడా పనిచేస్తుంది" అని చెప్పడం వేరు. మొదటి దానిలో డాక్టరు ముందు ఒక రోగి ఉన్నాడు. రెండవ దానిలో ఎదుట ఉన్నది నెలవారీ టార్గెట్టు.

2024 మార్చి 12న కేంద్ర ఔషధ విభాగం ప్రకటించిన మందుల మార్కెటింగు నియమావళి, ప్రచారం మందుకు ఇచ్చిన అనుమతికి అనుగుణంగానే ఉండాలని స్పష్టంగా చెబుతుంది. వివరణ ఇవ్వకుండా "సురక్షితం" అనే మాట వాడకూడదు. డాక్టర్లకు, వారి కుటుంబాలకు బహుమతులు, విహారయాత్రలు ఇవ్వకూడదు. శాంపిళ్ళను ఏడాదికి ఒక్కో మందు 12 పెట్టెలకు మించి ఒక డాక్టరుకు ఇవ్వకూడదు, మందు రాసే అర్హత లేని వ్యక్తికి అసలు ఇవ్వకూడదు. ఈ చివరి నిబంధన మన పల్లెలకు చాలా ముఖ్యం. డిగ్రీ లేనివారి క్లినిక్కుల బల్లల మీద శాంపిల్ మాత్రలు నేను నా కళ్ళతో చూశాను.

డాక్టర్ల వైపున 2002 నాటి వైద్య మండలి ప్రవర్తనా నియమావళికి 2009లో చేర్చిన నిబంధన కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు తీసుకోవడాన్ని నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, డాక్టర్లకు కంపెనీలు ఇచ్చే కానుకల ఖర్చును ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపించుకోవడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. అంతిమంగా ఆ కానుకల ఖర్చు మందు ధరలో కలిసి రోగి మీదనే పడుతుందని కూడా ఆ తీర్పు గుర్తించింది.

అయినా నా అసంతృప్తిని దాచుకోలేను. 2024 నియమావళిని మీరిన కంపెనీకి పడే శిక్ష ప్రధానంగా మందుల కంపెనీల సంఘం నుంచి సస్పెన్షను, తొలగింపు, మందలింపు, దిద్దుబాటు ప్రకటన. ఆ ఫిర్యాదును మొదట విచారించేది కూడా ఆ కంపెనీల సంఘాల నీతి కమిటీయే. కర్నూలులో ఒక రోగి నష్టపోతే ఈ కమిటీ దాకా ఎలా వెళతాడో నాకు ఊహకు అందడం లేదు. దీనికి చట్టబద్ధమైన బలం, జరిమానా రెండూ ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

బయటి దేశాల్లో ఇలాంటి ప్రచారానికి శిక్షలు పడ్డాయా?

అమెరికాలో పెద్ద మొత్తాలే కట్టించారు. గాబాపెంటిన్ అక్కడ 1993లో మూర్ఛకు అనుబంధ మందుగా అనుమతి పొందింది. వార్నర్-లాంబర్ట్ కంపెనీలోని పార్క్-డేవిస్ అనే విభాగం దానిని మానసిక ఉద్వేగ వ్యాధికి, పార్శ్వపు నొప్పికి, ఇంకా ఎన్నింటికో డాక్టర్ల దగ్గర ప్రచారం చేయించింది. 1996లో కొద్దినెలలు అక్కడ పనిచేసిన డేవిడ్ ఫ్రాంక్లిన్ అనే శాస్త్రవేత్త ఆ సంగతిని కోర్టు ముందు పెట్టారు. 2004లో మాతృసంస్థ నేరం ఒప్పుకొని 43 కోట్ల డాలర్లు చెల్లించింది. 2012లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ 300 కోట్ల డాలర్లకు ఒప్పుకొంది. 18 ఏళ్ళలోపువారికి అనుమతి లేని పారాక్సెటిన్ అనే దిగులు వ్యాధి మందును వారికి ప్రచారం చేయడం అందులోని ఒక అభియోగం. 2013లో జాన్సన్ అండ్ జాన్సన్ కట్టిన 220 కోట్ల డాలర్లలో, మతిమరుపు ఉన్న వృద్ధులకు రిస్పెరిడోన్ అనే మానసిక వ్యాధి మందును ప్రచారం చేసిన అభియోగమూ ఉంది.

గాబాపెంటిన్ పేరును ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. ధర్మవరంలో రోజంతా మగ్గం గుంటలో కూర్చొని నేసేవారికి వచ్చే నడుము నొప్పికి, ఆ మందును, దాని తోబుట్టువైన ప్రిగాబాలిన్‌ను చాలా విరివిగా రాస్తున్నారు. నరం దెబ్బతిని వచ్చే నొప్పికి ఇవి ఉపకరిస్తాయి; కండరం పట్టేసిన మామూలు నడుము నొప్పికి ఇవి పనిచేస్తాయనడానికి మంచి ఆధారం లేదు. మత్తు, తల తిరగడం మాత్రం రెండు రకాలవారికీ వస్తాయి.

మోకాళ్ళ నొప్పులకు మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు వెంటనే పనిచేస్తాయి. అవి కూడా ఆఫ్-లేబుల్ కిందికి వస్తాయా?

రావు. ఆఫ్-లేబుల్ అన్న మాట చదువుకున్న, రిజిస్టరైన డాక్టరు బాధ్యతతో తీసుకున్న నిర్ణయానికి వర్తిస్తుంది. అర్హత లేనివారు అల్లోపతి వైద్యం చేయడం 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షను కింద నేరం. ఏడాది దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

అనంతపురం జిల్లాలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ కీళ్ళు బిగుసుకుపోయిన పెద్దలకు పేరు చెప్పకుండా, కాగితపు పొట్లంలో కట్టి ఇచ్చే తెల్లటి చిన్న మాత్ర తరచుగా డెక్సామెథసోన్ గాని, బీటామెథసోన్ గాని అయి ఉంటుంది. ఆడపిల్ల పెళ్ళికి ముందు కొంచెం ఒళ్ళు చేయాలని ఇచ్చే పొట్లంలో అదే మాత్రతో పాటు సైప్రోహెప్టడిన్ అనే అలర్జీ మందు ఉంటుంది. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో నొప్పి పోతుంది, ఆకలి పుడుతుంది, ముఖం గుండ్రంగా నిండుతుంది. నెలలు గడిచాక షుగరు, బీపీ, ఎముకల బలహీనత వస్తాయి. ఇన్నాళ్ళూ బయటి నుంచి స్టెరాయిడ్ అందినందున ఒంట్లోని గ్రంథి తన పని మానేసి ఉంటుంది. అందుకే అకస్మాత్తుగా ఆపితే మనిషి కుప్పకూలవచ్చు. అలాంటి పొట్లాలు వాడుతున్నవారు తమంతట తాము ఆపకుండా, ఆ మాత్రలను వెంట తీసుకొని అనంతపురం సర్వజన ఆసుపత్రికో, కడప రిమ్స్‌కో వెళ్ళి జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించాలి.

తెల్లబడడానికి వాడే క్రీముల సంగతి?

క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్ క్రీములు కొన్ని చర్మవ్యాధులకు, కొద్దిరోజులకు మాత్రమే. ముఖం తెల్లబడడానికి వీటికి ఏ అనుమతీ లేదు. 2018లో వీటిని చీటీ మీదనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. తామరకు కూడా వీటిని రుద్దవద్దు. దురద తగ్గి, తామర మాత్రం లోలోపల పాకుతుంది.

బరువు తగ్గించే షుగరు ఇంజెక్షన్లు తీసుకోవచ్చా?

సెమాగ్లుటైడ్‌ను ఒజెంపిక్ పేరుతో షుగరుకు, ఎక్కువ మోతాదులో వెగోవీ పేరుతో స్థూలకాయానికి అనుమతించారు. వెగోవీ మన దేశంలో 2025 జూన్‌లో అమ్మకానికి వచ్చింది. ఆ అనుమతి పెళ్ళి నాటికి అయిదు కిలోలు తగ్గాలనుకునేవారికి ఇచ్చినది కాదు. షుగరు రోగికి దొరకవలసిన సూదిని అందం కోసం కొనడం నాకు ఇష్టం లేదు. స్థూలకాయాన్ని, సంతానలేమిని, షుగరును నయం చేస్తామని మందుల ప్రకటనలు వేయడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరమన్నది కూడా గుర్తుంచుకోండి.

డాక్టరును ఏమని అడగాలి? అడిగితే కోప్పడతారని భయంగా ఉంది.

"సార్, ఈ మందు నాకు ఏ జబ్బుకు రాశారు? కాగితం మీద వేరే జబ్బు పేరు ఉంటుందా?" అని చాలు. ఆధారం ఉన్న డాక్టరు అర నిమిషంలో చెప్పగలరు. తరువాత ఎన్నాళ్ళు వాడాలి, ఇదే పనికి అనుమతి ఉన్న మందు మరొకటి ఉందా, ఉంటే అది ఎందుకు వద్దన్నారు అని అడగండి. జవాబును చీటీ వెనుక రాయించుకోండి. సమ్మతి అంటే ఏదో కాగితం మీద వేలిముద్ర కాదని, చికిత్స స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి తెలిసి ఇచ్చేదే సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. కాబట్టి మీరు అడుగుతున్నది దయ కాదు, మీకు రావలసినది.

జవాబు "కొత్తగా వచ్చింది, చాలా బాగుందంటున్నారు" అన్న దగ్గరే ఆగిపోతే, ఆ మందు ఒకే కంపెనీ పేరుతో ఆసుపత్రి లోపలి షాపులోనే దొరుకుతుంటే, మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మంచిది.

బీమా కంపెనీ ఆఫ్-లేబుల్ అని క్లెయిము తిరస్కరించింది. ఏం చేయాలి?

నిరూపణ లేని చికిత్సలకు చెల్లించనవసరం లేదన్న మినహాయింపు పాలసీల్లో ఉంటుంది, దాని కిందనే తిరస్కరిస్తారు. కాని ఆఫ్-లేబుల్ అంటే నిరూపణ లేనిదని అర్థం కాదు. కంటి లోపలి ఇంజెక్షన్లను తప్పక చేర్చవలసిన ఆధునిక చికిత్సల జాబితాలో బీమా నియంత్రణ సంస్థ 2019లోనే పెట్టింది. డాక్టరు దగ్గర కారణాలతో, మార్గదర్శకాల ప్రస్తావనతో లేఖ తీసుకొని మొదట కంపెనీకి, ఫలితం లేకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విచారించే అధికారికి, రాయండి. మన రాష్ట్రం ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది.

మందు పడకపోతే ఎవరికి చెప్పాలి?

మొదట రాసిన డాక్టరుకు. ఆ తరువాత జాతీయ ఔషధ నిఘా కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరులో చెప్పవచ్చు. రోగి స్వయంగా చెప్పినా నమోదు చేసుకుంటారు. అనుమతి లేని ఉపయోగాల్లో వచ్చే ఇబ్బందులు కంపెనీ పరీక్షల్లో బయటపడి ఉండవు కాబట్టి, ఆదోని నుంచి ఒక రోగి చేసే ఫోనుకు కూడా విలువ ఉంది. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఏ జబ్బుకు వాడారు అన్నవి దగ్గర పెట్టుకోండి.

నష్టం జరిగితే పరిహారం కోరవచ్చా?

ఆఫ్-లేబుల్‌గా రాయడం ఒక్కటే నిర్లక్ష్యం అనిపించుకోదు. ఆ వృత్తిలోని బాధ్యత గల ఇతరులు అంగీకరించే పద్ధతి కాకపోయినా, ప్రమాదం చెప్పకుండా రాసినా ప్రశ్న తలెత్తుతుంది. మీ వైద్య రికార్డులను రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నియమావళి చెబుతుంది. మొదట అవి సంపాదించండి. డబ్బు చెల్లించిన వైద్యమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము ఉండదు. డాక్టరు ప్రవర్తన మీద అయితే ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి, షాపు మీదా, అమ్మకం మీదా అయితే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాయాలి.

నాకు పనిచేసిన మాత్రలు కొన్ని మిగిలాయి. అదే బాధ ఉన్న మా వదినకు ఇవ్వవచ్చా?

వద్దు. మీ చీటీ మీ రక్తపరీక్షలు, మీ వయసు, మీ గుండె, మీ కిడ్నీ చూసి రాసినది. వదినను ఆ మాత్రల అట్టతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అట్ట మీద పేరు, గడువు తేదీ ఉన్న భాగాన్ని చింపకుండా ఉంచండి.